వల్లియమ్మాళ్ పేరు పట్టుకున్న గొంతు

విరుదునగర్,
2002 ఆగస్టు 18, ఆదివారం.

గూడూరు రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న అక్క పొన్నుత్తాయికి తమ్ముడు రాజగోపాలన్ నమస్కారాలు చెప్పుకుని రాసేది. నేను ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బాగానే ఉన్నాను. కోవిల్‌పట్టిలో అమ్మకు మోకాలు తప్ప మిగతా ఆరోగ్యం బాగానే ఉంది. నువ్వూ, బావా, ఆర్తీ అక్కడ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఈ నాలుగు మాటలు రాయడానికే పొద్దున్నుంచి మూడు కాగితాలు చింపాను.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఆర్తి పలక పక్కన కూర్చుని నేర్చుకున్న తెలుగు అక్షరాలతో రెండు పేజీలు నింపావంటే ఎంత సంతోషమైందో చెప్పలేను. నేను రాసేది వింటే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుందని బావ నవ్వాడని రాశావు. నవ్వనీ. హాస్టల్లో నెల్లూరు కుర్రాడి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుని, దొరికిన పుస్తకమల్లా చదివి రాయడం నేర్చుకున్నవాణ్ణి. నోరు మన కోవిల్‌పట్టి వీధి తెలుగే, చెయ్యి మాత్రం పుస్తకాల వెంట పోయింది.

నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను. జూన్‌లో అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు మోకాలికి డాక్టరు నూనె ఇచ్చాడు, బాసీపట్టు వేసుకుని కూర్చోవద్దన్నాడు. అమ్మ ఆయన ఎదుటే బాసీపట్టు వేసుకుని కూర్చుని సరేనంది. ఆర్తికి పంపమన్న రంగు పెన్సిళ్ళు కొన్నాను, ఈ ఉత్తరంతో పాటే వస్తాయి. ఇక డాక్టరేట్ సంగతి. నిజమే, జూన్‌లోనే వచ్చింది. 'నీకు డాక్టర్ పట్టం వస్తే ఆ మాట నాకు కడంబూరులో మా మరిది నోట తెలియాలా, నేనేం చచ్చిపోయానా' అని రాశావు. ఇంకా నాలుగు తిట్టవలసింది. ఈసారి సంతకం ముందు డాక్టరు అని పెట్టమనీ, పక్కింటి వాళ్ళకు చూపిస్తాననీ రాశావు. ఆ సంగతి ఆఖర్న చెబుతాను.

'నువ్వు ఆరేళ్ళు చేసిన పరిశోధన ఏమిటి, ఎవరైనా అడిగితే రేడియో రిపేరు అని చెబుతున్నాను' అన్నావు. చంపావు. రేడియో రిపేరు కాదు తల్లీ. నువ్వు చేసిన పనే నేను మెషీన్ చేత చేయించాను. తీపెట్టి ఆఫీసులో నువ్వు అగ్గిపుల్లలు నింపిన పెట్టెను చెవి దగ్గర ఒక్కసారి ఆడించి, 'రెండు తక్కువ' అనేదానివి గుర్తుందా? మూత తీసి చూస్తే సరిగ్గా రెండే తక్కువ. నేను బడి నుంచి వచ్చి పందెం కాసేవాణ్ణి, ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ శబ్దంలో నీకు ఏదో తెలిసేది, నాకు తెలిసేది కాదు. ఆ ఏదో ఏమిటన్నదే సిగ్నల్ ప్రాసెసింగ్.

నేను పెట్టెల బదులు మనుషుల గొంతులు తీసుకున్నాను. ఒక మనిషి మాటను సెకనులో వందో వంతు ముక్కలుగా కోస్తాం. ఒక్కో ముక్కకూ పన్నెండు అంకెలు వస్తాయి. ఆ అంకెలు గొంతు గొంతుకూ వేరు. మొదటిసారి విన్న గొంతును గుర్తుపెట్టుకుని, కొన్ని నెలలయ్యాక రెండోసారి వినిపిస్తే 'ఇది ఫలానా మనిషి' అని మెషీన్ చెప్పాలి. దీని వెనక ఇన్ఫర్మేషన్ థియరీ అని ఒక శాస్త్రం ఉంది. ముందే తెలిసిన సంగతి ఎన్నిసార్లు చెప్పినా అందులో సమాచారం సున్నా అంటుంది అది. అనుకోనిది చెబితేనే సమాచారం. 'అమ్మ పొద్దున్నే లేచింది' అని రాస్తే నీకు ఏమీ అందనట్టే. నీ ఉత్తరం రెండు పేజీల్లోనూ నా గుండె ఆగినంత పని చేసిన వాక్యం ఒక్కటే: 'అమ్మ పనికి ఎందుకు పోవడం లేదు?'

దానికే వస్తున్నాను. కొంచెం ఓర్చుకో.

నా మెషీన్‌కి అరవై గొంతులు కావాలి. కాలేజీలో పిల్లలున్నారు, కానీ అందరిదీ ఒకటే వయసు, ఒకటే బడి మాట. అప్పుడు అమ్మ అంది, 'ఆఫీసులో మేము ఇంతమంది ఉండామే, మా గొంతు గొంతు కాదా?' అని. ఆఫీసు యజమాని, మన ముదలాళి, ఒప్పుకున్నాడు. 1999 ఆడి నెలలో, జూలై ఆఖర్న, నేనే కోవిల్‌పట్టి వెళ్ళి మొదటి విడత రికార్డు చేశాను. ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, ఊరు చెప్పి, ఒకటి నుంచి పది వరకూ లెక్కపెట్టాలి. నీకూ అమ్మకూ స్నేహితురాలైన వల్లియమ్మాళ్ పది దగ్గర ఆగకుండా ఇరవై దాకా పోయి, 'సాలంటే నిలిపేస్తా తమ్ముడూ' అంది. అందరూ ఎంత నవ్వారని!

మూడు నెలల తరువాత రెండో విడత. అప్పటికి నాకు కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. నువ్వు రెండేళ్ళ ఆర్తిని ఎత్తుకుని పుట్టింటికి వచ్చి ఉన్నావు. టేప్ రికార్డరూ, అరవై పేర్ల జాబితా నీ చేతిలో పెట్టి, 'ఒక్క పేరు కూడా తప్పకూడదు అక్కా, తప్పితే నా చదువు పోయినట్టే' అని చెప్పి బస్సెక్కాను. అలా చెప్పింది నేనే. ఇప్పుడు ఆలోచిస్తే మొదటి తప్పు అక్కడే జరిగింది.

ఆ వారమే వాన పడింది. నల్లరేగడిలో అదును రెండు రోజులే గదా. తొమ్మిదిమంది ఆడవాళ్ళు విత్తనాలు వేయడానికి తమ పొలాలున్న ఊళ్ళకు పోయారు. జాబితాలో తొమ్మిది పేర్లు మిగిలిపోయాయి. మీరేం చేశారో నీకు తెలుసు. ఆర్తి పెద్దదయ్యాక ఈ ఉత్తరం చదువుతుందేమో, దాని కోసం రాస్తున్నాను. ఆఫీసులో పొద్దున పేర్లు పిలిచేటప్పుడు ఎవరైనా రాలేకపోతే, పక్కన కూర్చునే ఆమె తనే 'ఉండా' అని పలుకుతుంది. పలికి ఊరుకోదు. ఆ రోజంతా తన చట్రంతో పాటు ఆమె చట్రంలో కూడా పుల్లలు పేర్చి ఇస్తుంది. దాన్ని 'పేరు పట్టుకోవడం' అంటారు. నాకు అమ్మవారు పోసినప్పుడు పదకొండు రోజులు అమ్మ పేరు పట్టుకున్నది వల్లియమ్మాళే. లేకపోతే ఆ ఏడే అమ్మ పని పోయేది.

అదే మర్యాద నాకూ చేశారు. ఊళ్ళకు పోయిన తొమ్మిదిమంది పేర్లూ ఉన్నవాళ్ళు పట్టుకున్నారు. తమ్ముడి జాబితా నిండాలని. అది పరిశోధన అనీ, అందులో పేరు పట్టుకోకూడదనీ వాళ్ళకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. మన వీధిలో పుట్టి, ఆ ఆఫీసు గుమ్మంలో పెరిగి, నాకే తట్టలేదు.

టేపులు మెషీన్‌కి పెట్టాను. యాభై ఒక్క గొంతులు సరిగ్గా చెప్పింది. తొమ్మిది తప్పు. నెల రోజులు ప్రోగ్రామ్ తిరగరాశాను. మళ్ళీ అవే తొమ్మిది. అప్పుడు ఒక వింత కనిపించింది. వల్లియమ్మాళ్ టేపు పెట్టిన ప్రతిసారీ మెషీన్ ఒకటే పేరు చెబుతోంది: పేచ్చియమ్మాళ్. మన అమ్మ పేరు. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. 'నా పేరు వల్లియమ్మాళ్. మాది కోవిల్‌పట్టి.' మన అమ్మ గొంతు అక్కా! కాస్త సన్నగా చేసి, వల్లియమ్మాళ్‌లా రాగం తీస్తూ. ఆ కంప్యూటరు ముందు కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. మిగతా ఎనిమిది టేపులూ అంతే. నా మెషీన్ ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. కన్నకొడుకునై ఉండీ నేను కాగితం మీద పేరు నమ్మాను, అది అమ్మను గుర్తుపట్టింది.

నవ్వు ఎంతసేపు ఉంటుంది? మరునాడు గైడు గారు నా పట్టిక చూసి, 'ఈ తొమ్మిదీ ఎందుకు తప్పాయి?' అని అడిగారు. ఉన్నదున్నట్టు చెబితే సరిపోయేది. ఆయన కోప్పడేవారు, రెండో విడత మళ్ళీ చేయమనేవారు, ఒక ఏడాది పోయేది. అంతే గదా! కానీ అంతకు ముందే ఆయన ఆ టేపులు విని, 'వీళ్ళు మాట్లాడేది తెలుగా, తమిళమా, ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావయ్యా వీళ్ళని' అని నలుగురిలో నవ్వి ఉన్నారు. వాళ్ళు మా వాళ్ళని నేను చెప్పలేదు. అందులో మా అమ్మ ఉందని చెప్పలేదు. ఇప్పుడు 'మా వాళ్ళు హాజరులో ఒకరి బదులు ఒకరు పలుకుతారు సార్, మా అమ్మ కూడా పలికింది సార్' అని ఏ మొహంతో చెప్పను? నోటికి ఏది వస్తే అది అన్నాను. 'వీళ్ళకి రోజూ తీపెట్టి మందు వాసన పీల్చి గొంతులు పాడయ్యాయి సార్. అందుకే మెషీన్ పట్టుకోలేకపోయింది' అన్నాను.

ఆయన మెచ్చుకున్నారు అక్కా. 'మంచి కారణం. అలాగే రాసి ఆ తొమ్మిదీ తీసెయ్' అన్నారు. తీసేశాను. రాశాను కూడా. గొంతు దెబ్బతిన్నందువల్ల వదిలేసిన వాళ్ళంటూ తొమ్మిది పేర్లు, వయసులు, ఊరు, అన్నీ వరసగా ఒక పట్టికలో వేశాను. పైనుంచి మూడో పేరు వల్లియమ్మాళ్. ఆడి పూజకు కూళు అంబలి కాచేచోట మైకు లేకుండా పాడి వీధి చివరిదాకా వినిపించే మనిషి గొంతు పాడైపోయిందని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. మిగిలిన యాభై ఒకటికి యాభై ఒకటీ సరిపోయాయని గొప్పగా వేసుకున్నాను.

అక్కడితో ఆగినా నా పాపం నాతోనే పోయేది. డాక్టరేట్ వచ్చాక నాకు తల తిరిగింది. బంగారు అక్షరాల అట్ట వేయించిన థీసిస్ ఒకటి పట్టుకుని, జూలైలో ముదలాళికి ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్ళాను. రికార్డు చేసుకోనిచ్చినందుకు కృతజ్ఞత అన్నమాట. అబద్ధం ఎందుకు, గొప్ప చూపించుకోవడానికే వెళ్ళాను. ఆయన నాకు కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. లోపల పుల్లలు పేరుస్తున్న వరసలోంచి అమ్మ లేచి నిలబడి చూసింది. వల్లియమ్మాళ్ అక్కణ్ణుంచే కేక వేసింది, 'ఏమి డాక్టరే, మాకు సూది వేసేకి వచ్చినావా?' అని. నేను చెయ్యి ఊపాను. నా చేతిలో ఏముందో నాకు తెలుసు, అయినా చెయ్యి ఊపాను.

ముదలాళికి ఇంగ్లీషు రాదు, ఆయన అల్లుడికి వచ్చు. అతను ఆ పట్టిక చదివి వినిపించాడట. మన ఆఫీసులో తొమ్మిదిమందికి మందు వల్ల గొంతు పోయిందని పుస్తకంలో అచ్చయి ఉంటే, రేపు అధికారులు వచ్చి అడిగితే ఏం చెప్పాలని వాళ్ళకు భయం పట్టుకుంది. మరుసటి సోమవారం పొద్దున ఆ తొమ్మిది పేర్లూ పిలవలేదు. పట్టుకుందామని పక్కవాళ్ళు చూశారట. పిలవని పేరును ఎవరు పట్టుకోగలరు? గొంతు నయమైందని తెలిశాక రండి అని చెప్పి పంపేశారు. ఏ జబ్బూ లేని గొంతు ఎలా నయమవుతుంది?

అమ్మ ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. ఏడుస్తోంది. 'వల్లి పేరు నేను పట్టుకుంటి గదరా. ఆ టేపులో నా అబద్దం నీ మిషిను కనిపెట్టేసె. ముదలాళికి తెలిసి, గొంతు సాకు పెట్టి ఆ పిల్లని నిలిపేసిరి. నా వల్లనేరా, అంతా నా వల్లనే' అంది. నిజం చెప్పడానికి అప్పుడు ఒక్క నిమిషం చాలు. నేనేమన్నానో తెలుసా? 'సరేలేమ్మా, అయిందేదో అయింది, ఏడవకు' అన్నాను. ఫోన్ పెట్టేశాను. అరవై ఏళ్ళ అమ్మ, వల్లియమ్మాళ్ ఇంటికి పోయి, తప్పు తనదని చేతులు పట్టుకుందట. వల్లియమ్మాళ్ ఆవిడను కూర్చోబెట్టి అన్నం పెట్టిందట. ఆ మరునాటి నుంచి అమ్మ పనికి పోవడం లేదు. 'వల్లి లేని తావున నేను ఎట్ల కూసుండేది' అంటుంది. మోకాలు నొప్పి వల్లే అని నీకు చెప్పింది, నన్ను కాపాడడానికి. తన అబద్ధం వల్ల కొడుకు పేరు పాడవుతుందేమోనని ఆవిడ భయం.

ఆ తొమ్మిదిమందినీ నిలిపేశారని మరిది నోట విని, నీ ఉత్తరం చివర నువ్వు అడిగావు, 'ఆ రోజు టేపు పట్టింది నేను. అది తప్పని నాకు తెలీదు. నా వల్లే ఇదంతా జరిగిందా? దాచకుండా రాయి తమ్ముడూ' అని. అక్కడ మసి అంటినట్టు అక్షరాలు అలికిపోయి ఉన్నాయి. ఏడ్చావని తెలుస్తూనే ఉంది. ఇదిగో జవాబు. నీ వల్ల కాదు. అమ్మ వల్ల కాదు. మీరు చేసింది నా జాబితా నింపడానికి. నేను చేసింది నా పరువు నిలుపుకోవడానికి. మీరందరూ ఒకరి పని ఒకరు మోశారు, నేను నా అబద్ధాన్ని తొమ్మిదిమంది నెత్తిన పెట్టాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది అక్కా. ఎంత సిగ్గంటే, కోవిల్‌పట్టి గంట దూరం, నాలుగు ఆదివారాలుగా బస్టాండు దాకా పోయి తిరిగి వస్తున్నాను.

నిన్న యూనివర్సిటీకి ఉత్తరం వేశాను. తొమ్మిది టేపులూ వేరే గొంతులవనీ, జబ్బు సంగతి నేను కల్పించి రాశాననీ, అది తెలిసే రాశాననీ. పట్టం ఉంచుతారో తీసేస్తారో తెలియదు. తీసేస్తే ఉద్యోగం కూడా కదులుతుంది. నువ్వు చెబితే వేశాననే మాట ఉండకూడదని, ముందు అది పెట్టెలో వేసి తరువాతే నీకు రాయడానికి కూర్చున్నాను. రేపు సోమవారం. తెల్లవారగానే మొదటి బస్సుకు పోయి ముందు అమ్మకు చెబుతాను. తరువాత వల్లియమ్మాళ్‌కి. ఆ తొమ్మిదిమందీ వస్తే వాళ్ళతో, రాకపోతే ఒక్కణ్ణే, పేర్లు పిలిచే వేళకు ఆఫీసులో నిలబడి అందరి ముందూ ముదలాళికి చెబుతాను. వాళ్ళను వెనక్కి తీసుకుంటాడో లేదో కూడా తెలియదు. అయినా ఆ మాట నా గొంతుతోనే పలకాలి.

ఇంకొక్క సంగతి రాసి ఆపేస్తాను. మెషీన్‌కి పెట్టే ముందు మేము మాట అయిపోయిన తరువాత ఉండేదాన్నంతా కత్తిరించేస్తాం. పని కోసం కావలసింది మాట ఒక్కటే, మిగతాది చెత్త కింద లెక్క. ఆ రెండో విడత క్యాసెట్టు మొత్తం నేను ఎన్నడూ వినలేదు. ఈ వారం బీరువాలోంచి తీసి విన్నాను. అమ్మ వల్లియమ్మాళ్ గొంతుతో పది దాకా లెక్కపెట్టింది. నువ్వు టేపు ఆపడం మరిచిపోయావు. ఆర్తి ఏడుస్తోంది, బయట వాన పడుతోంది. అమ్మ మళ్ళీ తన గొంతుతో మాట్లాడింది: 'సాలునా పొన్నూ? పిల్లోడి జాబితా నిండినాదా? ఒకటి తక్కువైనా వాడు సార్ ముందర తల వంచుకోవాల. ఇంకా ఎవురి పేరైనా మిగిలి ఉంటే సెప్పు, అది కూడా నేనే పట్టుకుంటా.'

ఆ క్యాసెట్టు నకలు ఈ ఉత్తరంతో పెన్సిళ్ళ పక్కన పెట్టాను. ఆర్తికి వినిపించు. వల్లియమ్మాళ్ అని పేరు చెబుతుంది, ఆ గొంతు మీ అమ్మమ్మదే అని చెప్పు.

ఇట్లు,
ముందు డాక్టరు అని పెట్టమన్నావు, పెట్టలేదు,
నీ తమ్ముడు
రాజు